డెబ్బై దాటిన అమ్మానాన్నలకు ఏ ఆరోగ్య కార్డు? వయ వందన, ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ, సీజీహెచ్ఎస్ పోలిక

ప్రభుత్వ ఆరోగ్య కార్డు అనగానే అందరూ ముందు అడిగేది "ఎన్ని లక్షలు?" అనే. కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఏడాదికి 5 లక్షలు, తెలంగాణ ఆరోగ్యశ్రీకి 10 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్టీఆర్ వైద్య సేవకు 25 లక్షలు. ఈ లెక్క చూస్తే పెద్ద అంకె ఉన్న కార్డే మేలన్నట్టు కనిపిస్తుంది. ఒక్కసారి ఇంట్లో పెద్దవాళ్లకు పోయిన ఏడాది దేనికి ఎంత అయిందో కాగితం మీద రాసి చూడండి. నెలనెలా బీపీ మాత్రలు, షుగరు మాత్రలు, మూడు నెలలకోసారి రక్తపరీక్షలు, డాక్టరు ఫీజు, కళ్లజోడు, ఎప్పుడైనా ఫిజియోథెరపీ. చాలా ఇళ్లలో ఖర్చంతా ఇందులోనే ఉంటుంది. పైన చెప్పిన మూడు కార్డులూ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడు అక్కరకొచ్చేవి. రోజువారీ మందుల ఖర్చును మోసేవి సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, పింఛనుదారుల పథకం), ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికులది), ఈఎస్ఐ (ప్రైవేటు కార్మికులు, ఉద్యోగులది) లాంటివి. ఈ తేడా తెలియక చేతిలో ఉన్న మంచి కార్డును వదులుకుంటే ఆ నష్టం జీవితాంతం మోయాలి.

కాబట్టి ముందు మీ పెద్దవాళ్లు ఏ పథకాలకు అర్హులో తేల్చుకోండి. కేంద్ర ప్రభుత్వం, సైన్యం, రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం, వీటిలో ఎక్కడి నుంచైనా పింఛను వస్తోందా? ప్రభుత్వోద్యోగం చేస్తున్న కొడుకు లేదా కూతురి కార్డులో ఆధారపడిన తల్లిదండ్రులుగా పేరు ఉందా? రేషన్ కార్డులో ఇప్పటికీ పేరు ఉందా? ఆధార్ ప్రకారం 70 నిండాయా? అమ్మకూ నాన్నకూ జవాబులు వేరువేరుగా రాసుకోండి. భార్యాభర్తలిద్దరికీ ఒకే కార్డు వర్తిస్తుందనుకోవడం దగ్గరే ఎక్కువమంది పొరబడుతున్నారు.

వయ వందన: ఇచ్చేది, ఇవ్వనిది

2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన మొదట్లో పేద కుటుంబాలకే పరిమితం. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, వయ వందన పేరుతో వర్తింపజేశారు. సొంతిల్లు ఉన్నా, పొలం ఉన్నా, ఆదాయపు పన్ను కడుతున్నా అడ్డు లేదు. ప్రీమియం లేదు. షుగరు, గుండెజబ్బు ముందే ఉన్నా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. ప్రైవేటు బీమా కంపెనీలు ఎక్కువగా మెలిక పెట్టేది ఇక్కడే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఆసుపత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికి వచ్చాక 15 రోజుల పరీక్షలు, మందులు కూడా ప్యాకేజీలో భాగం.

ఇక పొరపాటుపడే చోట్లు. ఈ 5 లక్షలు మనిషికి కాదు, కుటుంబానికి. నాన్నకు 76, అమ్మకు 71 అయితే ఇద్దరికీ కలిపి 5 లక్షలే. నాన్నకు 72, అమ్మకు 67 అయితే అమ్మకు ఈ కార్డు రాదు, నాన్న కార్డు మీద ఆమెకు చికిత్సా జరగదు. మీ కుటుంబం ఇప్పటికే ఆయుష్మాన్ భారత్ జాబితాలో ఉంటే 70 నిండినవారికి మరో 5 లక్షలు విడిగా వస్తాయి. దాన్ని ఇంట్లో చిన్నవాళ్లు వాడుకోలేరు. ఏడాదిలో వాడని మొత్తం మరుసటి ఏడాదికి కలవదు. పడక జనరల్ వార్డులోనే. గది కావాలి, తేడా డబ్బు మేమే కట్టుకుంటాం అంటే కుదరదు. ప్యాకేజీ మీద అదనంగా వసూలు చేయకూడదన్నది పథకం నియమం.

బయటి రోగిగా చూపించుకుంటే ఏమీ రాదు. కేవలం పరీక్షల కోసం చేరినా రాదు.

ఈ కార్డుకు ఉన్న అసలు బలం మన రాష్ట్రాల బయట కనిపిస్తుంది. కొడుకు పుణెలో, కూతురు బెంగళూరులో ఉండి, పెద్దవాళ్లు ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు అక్కడ గడుపుతుంటే పథకం అమలవుతున్న ఏ రాష్ట్రంలోనైనా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ఇదే కార్డు చెల్లుతుంది. రేషన్ కార్డు ఉండి ఆరోగ్యశ్రీ కిందికి వచ్చే పెద్దవాళ్లు కూడా వయ వందన తీసుకోవాలని మేం గట్టిగా చెప్పడానికి ఇదే కారణం.

ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ

2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీయే ఈ రెండింటికీ మూలం. తెలంగాణ 2023 డిసెంబరు 9న పరిమితిని 5 నుంచి 10 లక్షలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే నెలలో పరిమితి 25 లక్షలకు చేరింది. 2024లో పథకం పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. రెండు చోట్లా ఇది కుటుంబానికి ఇచ్చే రక్షణ, వయసుతో పనిలేదు. అందుకే 67 ఏళ్ల అమ్మకు, రేషన్ కార్డు ఉంటే, ఇదే దిక్కు.

ఈ పథకాల్లో పెద్దవాళ్లకు బాగా ఉపయోగపడి, చాలామంది వాడుకోకుండా వదిలేసేది ఒకటుంది. గుండెకు స్టెంటు వేసిన తర్వాత, బైపాస్ జరిగిన తర్వాత, మరికొన్ని పెద్ద చికిత్సల తర్వాత ఏడాదిపాటు డాక్టరు పరీక్ష, నిర్ణీత టెస్టులు, మందులు కలిపి ఫాలో అప్ ప్యాకేజీ ఉంటుంది. డిశ్చార్జి రోజునే, ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రను (ఆంధ్రప్రదేశ్‌లో వైద్యమిత్ర) "మాకు ఫాలో అప్ ప్యాకేజీ వర్తిస్తుందా, మళ్లీ ఏ తారీఖున రావాలి?" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. అడగకపోతే ఆ మందులన్నీ బయట కొనుక్కోవాల్సి వస్తుంది.

ఇక్కడ ఎదురయ్యే చిక్కులు వేరు. పెళ్లయి వేరు కాపురం పెట్టిన పిల్లలు కొత్త రేషన్ కార్డు తీసుకునేటప్పుడు పెద్దవాళ్ల పేరు పాత కార్డులోంచి పోతుంది, కొత్తదాంట్లో ఎక్కదు. ఆ సంగతి ఆసుపత్రి కౌంటరు దగ్గర బయటపడుతుంది. ఈ వారంలోనే మీసేవలోనో సచివాలయంలోనో చూపించుకోండి. రెండో చిక్కు, కొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించారు. జాబితాలో పేరు ఉంది కదా అని ప్రైవేటుకు వెళ్తే తిప్పి పంపుతారు. మూడోది బకాయిల గొడవ. 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు కొన్నాళ్లు సేవలు ఆపేశాయి. అప్పుడు వయ వందన ఉందిగా అనుకోవడానికి లేదు, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో ఆయుష్మాన్ భారత్‌ను నడిపేదీ ఆయా రాష్ట్ర పథకాన్ని నడిపే ట్రస్టే. కాబట్టి నిమ్స్, గాంధీ, విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్, తిరుపతి స్విమ్స్ లాంటి ప్రభుత్వ రంగ పెద్దాసుపత్రుల్లో మీకు దగ్గరిది ఏదో, అక్కడ ఏ విభాగం ఏ రోజు చూస్తారో ముందే తెలుసుకుని ఉంచుకోండి.

సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్ ఉన్నవాళ్లు మాత్రం ఆగండి

ఈ భాగం నిదానంగా చదవమని ప్రత్యేకంగా కోరుతున్నాం. సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్, ఆయుష్మాన్ సీఏపీఎఫ్ (కేంద్ర సాయుధ పోలీసు బలగాలది) లబ్ధిదారులు 70 నిండాక రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి: పాత పథకంలోనే ఉండటం, లేదా వయ వందనకు మారడం. ఈ ఎంపికకు ఒకే అవకాశం. కార్డు నమోదు శిబిరంలో "అందరికీ ఇస్తున్నారట" అని వరుసలో నిలబడి, యాప్‌లో అడిగే ప్రకటన చదవకుండా అవునని నొక్కితే నష్టపోయేది ఇక్కడే.

ఏం పోతుందో చూడండి. సీజీహెచ్ఎస్‌లో వెల్‌నెస్ సెంటరులో డాక్టరు ఉచితంగా చూస్తారు, నెలవారీ మందులు ఇస్తారు. పింఛనుదారులకు గుర్తింపు పొందిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నగదు రహిత చికిత్స ఉంటుంది. 70 నిండినవారు రెఫరల్ చీటీ లేకుండానే అలాంటి ఆసుపత్రిలో స్పెషలిస్టును నేరుగా కలవచ్చు. మూల వేతనాన్ని బట్టి జనరల్ వార్డు, సెమీ ప్రైవేటు లేదా ప్రైవేటు గది దొరుకుతుంది. వినికిడి యంత్రానికి నిర్ణీత పరిమితిలో డబ్బు తిరిగొస్తుంది. 5 లక్షల వార్షిక గీత లేదు. ఆసుపత్రిలో చేరినప్పటి నగదు రహిత చికిత్స, జనరల్ వార్డు తప్ప వయ వందనలో వీటిలో ఏదీ లేదు. ఈసీహెచ్ఎస్‌లోనూ పాలీక్లినిక్‌లో మందులు, అక్కడి నుంచి రెఫరల్ మీద పెద్దాసుపత్రి ఉంటాయి. రెండింటిలో ఏది ఉన్నా మారొద్దు, ఈ మాట మేం ఏ మినహాయింపూ లేకుండానే చెబుతున్నాం. సీజీహెచ్ఎస్ కేంద్రం మీ ఊళ్లో లేకపోయినా సరే.

ఆ చివరి మాటకు కారణం ఉంది. కేంద్ర పింఛనుదారు సీజీహెచ్ఎస్ లేని ఊళ్లో ఉంటే, రోజువారీ వైద్యానికి నెలకు 1,000 రూపాయల స్థిర వైద్య భత్యం తీసుకుంటూ, ఆసుపత్రిలో చేరే అవసరానికి మాత్రం సీజీహెచ్ఎస్ కార్డు పెట్టుకోవచ్చు. చాలామంది ఆ వెయ్యి రూపాయలతో సరిపెట్టుకుని కార్డే తీసుకోరు. మీ నాన్న అలాంటివారైతే, వయ వందనకు నమోదు చేయించే ముందు సీజీహెచ్ఎస్ లెక్క వేయండి. నెలవారీ చందా ఉద్యోగ స్థాయిని బట్టి ఉంటుంది: 1 నుంచి 5 స్థాయిలకు 250, 6వ స్థాయికి 450, 7 నుంచి 11కు 650, 12, ఆపైన 1,000 రూపాయలు. పింఛనుదారులు పదేళ్ల చందా ఒకేసారి కడితే జీవితాంతం కార్డు. అంటే 650 స్థాయివారికి 78,000 రూపాయలు, 250 స్థాయివారికి 30,000. ఆయన తదనంతరం కుటుంబ పింఛను పొందే భార్యకూ అదే చందా మీద కార్డు కొనసాగుతుంది, మళ్లీ కట్టక్కర్లేదు. అయితే కార్డును ఆమె పేరుకు మార్పించుకోవాలి.

పిల్లల సీజీహెచ్ఎస్ కార్డులో ఆధారపడినవారిగా ఉన్న తల్లిదండ్రులకూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఆ అర్హతకు తల్లిదండ్రుల ఆదాయం నెలకు 9,000 రూపాయలు, దాని మీద కరువు భత్యం కలిపిన మొత్తానికి లోపు ఉండాలి.

రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులకు ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఉంటుంది. తెలంగాణలో ఖైరతాబాద్, వనస్థలిపురం లాంటి చోట్ల వెల్‌నెస్ సెంటర్లలో వీరికి డాక్టరు, మందులు దొరుకుతాయి. వయ వందనకు నమోదైతే ఈ కార్డు మీద ప్రభావం ఉంటుందా అన్నది ట్రస్టు కార్యాలయం నుంచి రాతపూర్వకంగా తెచ్చుకున్నాకే ముందుకు వెళ్లండి. రైల్వే ఉమీద్ కార్డు ఉన్నవారికీ ఇదే సలహా.

120 రూపాయల కార్డు

ప్రైవేటు ఫ్యాక్టరీలో, మిల్లులో, దుకాణంలో పనిచేసి రిటైరైనవాళ్ల ఇళ్లలో దీని ఊసే వినపడదు. కనీసం 5 ఏళ్లు ఈఎస్ఐ చందా కట్టిన ఉద్యోగంలో ఉండి పదవీ విరమణ చేసినవారు ఏడాదికి 120 రూపాయలు కడితే తమకూ జీవిత భాగస్వామికీ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది, డిస్పెన్సరీ మందులతో సహా. వయ వందనతో దీనికి పోటీ లేదు. ఈఎస్ఐ ఉన్నవారు రెండూ పెట్టుకోవచ్చు. పాత ఈఎస్ఐ నంబరు, యాజమాన్యం ఇచ్చిన విరమణ పత్రం దొరికితే స్థానిక శాఖా కార్యాలయానికి వెళ్లండి. ఏటా గడువు తేదీ మరిచిపోతే డిస్పెన్సరీలో చీటీ రాయరు.

ప్రైవేటు బీమా ఉన్నవారికీ అంతే, వయ వందన వచ్చిందని పాలసీ ఆపనక్కర్లేదు. ముందున్న జబ్బులకు వేచి ఉండాల్సిన కాలం గరిష్ఠంగా 3 ఏళ్లు. అది దాటిన పాత పాలసీని వదులుకోవడం తెలివైన పని కాదు. కొత్తగా 74వ ఏట తీసుకోవాలంటే మాత్రం ప్రీమియం బరువును, ఆ మూడేళ్లను లెక్కలో పెట్టండి. 2024 ఏప్రిల్ నుంచి 65 దాటినవారికీ కొత్త పాలసీ అమ్మవచ్చు, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. చేరేటప్పుడే ఏ కార్డు మీద చేరుతున్నారో తేల్చుకోండి. మధ్యలో ఒకదాని నుంచి మరోదానికి మారడం బీమా కంపెనీతోనూ పథకంతోనూ తంటా తెస్తుంది.

కార్డు కంటే ముందు ఆసుపత్రిని చూడండి

బోర్డు మీద పథకం పేరు ఉన్నంత మాత్రాన ఆ ఆసుపత్రిలో అన్ని జబ్బులకూ కార్డు చెల్లదు. గుర్తింపు విభాగాల వారీగా ఇస్తారు. గుండెకు గుర్తింపు ఉండి ఎముకలకు లేని ఆసుపత్రులు ఉన్నాయి. తుంటి ఎముక విరిగిన తల్లిని అంబులెన్సులో అక్కడికి తీసుకెళ్లి, కాదంటే మరో చోటికి తిప్పడం ఎంత నరకమో చెప్పక్కర్లేదు.

పెద్దవాళ్లకు హఠాత్తుగా వచ్చేవి నాలుగే అనుకుని లెక్క వేయండి: గుండెపోటు, పక్షవాతం, తుంటి విరగడం, కిడ్నీ సమస్య. ఒక్కోదానికి మీ ఇంటి నుంచి గంటలో చేరగల ఆసుపత్రి ఏదో, దానికి మీ కార్డులో ఆ విభాగంలోనే గుర్తింపు ఉందో లేదో చూడండి. వయ వందనకు ఆయుష్మాన్ యాప్‌లో లేదా 14555కు ఫోన్ చేసి, ఆరోగ్యశ్రీకీ వైద్య సేవకూ 104కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. తర్వాత ఆసుపత్రికే ఫోన్ చేసి మిత్రతో మాట్లాడండి. "ఈ కార్డు మీద ఆ విభాగంలో ఇప్పుడు రోగులను చేర్చుకుంటున్నారా? స్టెంటు, ప్లేటు, కృత్రిమ కీలు ప్యాకేజీలోనే ఉన్నాయా? రాత్రిపూట మిత్ర ఉంటారా?" అని సూటిగా అడగండి. జాబితాలో పేరుండీ కొత్తవారిని చేర్చుకోని ఆసుపత్రి ఫోన్‌లోనే తేలిపోతుంది.

మోకాలి కీలు మార్పిడి, కంటిశుక్లం లాంటి ముందే తెలిసిన ఆపరేషన్లకు తొందర లేదు, రెండు మూడు చోట్ల అడగండి. జాబితాలో పేరే లేని శస్త్రచికిత్స అయితే, ఆయుష్మాన్ భారత్‌లో ప్రత్యేక అనుమతితో లక్ష రూపాయల వరకు మంజూరు చేసే ఏర్పాటు ఉంది. ఆసుపత్రి అడగకపోతే మీరే గుర్తు చేయండి.

నమోదులో ఎక్కడ ఆగిపోతుంది

వయ వందనకు కావాల్సిన పత్రం ఆధార్ ఒక్కటే. ఆయుష్మాన్ యాప్‌లో 70 ఏళ్లు దాటినవారి నమోదును ఎంచుకుని, ఆధార్ నంబరు ఇచ్చి, ఓటీపీ, వేలిముద్ర, కనుపాప లేదా ముఖం ద్వారా ధ్రువీకరించాలి. తర్వాత వివరాలు నింపి, వేరే ప్రభుత్వ పథకాల గురించిన ప్రకటన దగ్గర ఆగి చదివి, ఫోటో తీసి పంపాలి. యాప్ రాకపోతే 1800110770కు మిస్డ్ కాల్ ఇవ్వొచ్చు, గుర్తింపు పొందిన ఆసుపత్రికి వెళ్లినా చేస్తారు.

ఆగిపోయేది మూడు చోట్ల. ఆధార్‌కు జతైన ఫోన్ నంబరు ఎప్పుడో మూతపడి ఉంటుంది, ఓటీపీ రాదు. ముందు ఆధార్ కేంద్రంలో నంబరు మార్పించాలి. పొలం పని, ఇంటి చాకిరీ చేసిన వేళ్లకు ముద్రలు పడవు. అప్పుడు కనుపాపతోనో ముఖంతోనో ప్రయత్నించమని అడగండి, వేలిముద్ర పడలేదని తిరిగి రావద్దు. మూడోది, ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు. అసలు వయసు 73, ఆధార్‌లో 66. పథకం చూసేది ఆధార్‌నే. పుట్టిన తేదీని ఆధార్‌లో ఒక్కసారే మార్చుకోనిస్తారు కాబట్టి సరైన ధ్రువపత్రం చేతిలో ఉన్నాకే దరఖాస్తు పెట్టండి.

చేరే రోజు, ఇంటికి వచ్చే రోజు

కార్డును రిజిస్ట్రేషన్ కౌంటరులోనే చూపించండి. ముందు నగదు కట్టి చేరండి, తర్వాత కార్డుకు మారుద్దాం అంటే ఒప్పుకోవద్దు. వయ వందన, ఆరోగ్యశ్రీ, వైద్య సేవ నగదు రహిత పథకాలు. కట్టిన బిల్లును తిరిగి రాబట్టడం దాదాపు జరగదు, ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకోవడమొక్కటే మిగులుతుంది. అత్యవసరమైతే ఫోన్ ద్వారా అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే వీలు ఆసుపత్రికి ఉంది. అనుమతి రాలేదన్న కారణంతో గుండెపోటు రోగిని కూర్చోబెట్టకూడదు.

ఇంప్లాంటుకో పరీక్షకో విడిగా డబ్బు అడిగితే రసీదు అడగండి. రసీదు లేని చెల్లింపు మీద ఫిర్యాదు నిలబడదు. వయ వందనకు 14555, రాష్ట్ర పథకాలకు 104లో ఫిర్యాదు చేసి నంబరు రాసుకోండి. వీలైతే రోగి ఇంకా ఆసుపత్రిలో ఉండగానే చేయండి, ఇంటికి వెళ్లాక చేసిన ఫిర్యాదు కంటే అది త్వరగా కదులుతుంది. డిశ్చార్జి పత్రం మీద సంతకం పెట్టే ముందు కార్డులోంచి ఎంత తగ్గిందో చూడండి, చేయని చికిత్స పేరు ఉంటే అక్కడే ప్రశ్నించండి. ఇంటికి ఇచ్చే మందుల సంచి తెరిచి 15 రోజులకు సరిపడా ఉన్నాయో లేదో లెక్కపెట్టాకే అంబులెన్సు ఎక్కించండి.